తొంభై మూడు మార్కుల భయం

పోయిన వారం కథ ఆపేసరికి నమ్రత సంతకం పెట్టింది కదా! పెట్టి, పెన్ను కాలేజీలోనే మరిచిపోయి, వరాలా తలావ్ చెరువు గట్టు వెంట వెనక్కి చూడకుండా ఇల్లు చేరింది. ఇల్లు చేరితే తప్పించుకున్నట్టే అనుకుంది పిచ్చిపిల్ల. కాలేజీ వాళ్ళ దగ్గర తన ఫోను నంబరు ఉంటుందన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు.

కథలోకి ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళకు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. నమ్రత తండ్రి అంకుశం, భీవండి మగ్గాల పేట టెంఘర్‌లో జాబర్. అంటే మగ్గం మొరాయించినప్పుడు పానా పట్టుకుని దాని కడుపులో చెయ్యి పెట్టేవాడు. ముప్పై ఏళ్ళుగా అదే పని. ఆయన కూతురికి పన్నెండో తరగతిలో ఫ్రెంచిలో తొంభై మూడు మార్కులొచ్చాయి. ఫ్రెంచి ఎందుకు తీసుకుందయ్యా అంటే, మార్కులు దండిగా పడే సబ్జెక్టని ఊరంతా అంది గనక. అక్కడి తెలుగువాళ్ళ సమాజం హాల్లో పిలిచి శాలువా కప్పారు. టెంఘర్ నాకా కూడలిలో ఫ్లెక్సీ కట్టారు. నమ్రత మొహం పక్కన తొంభై మూడు అంకె ఆమె మొహం కంటే పెద్దదిగా వేశారు.

ఆ అంకె ఎట్లా వచ్చిందో నమ్రతకే తెలుసు. ట్యూషన్ చెప్పిన దానియేలు సార్ నీలం అట్ట నోట్సులోంచి ఇరవై రెండు జవాబులు ఇచ్చాడు. వాటిని పలకడానికి మరాఠీ అక్షరాల్లో రాసుకుంది, రాయడానికి వంద సార్లు దిద్దింది. పరీక్షలో ఆ ఇరవై రెండిట్లోవే వచ్చాయి. అర్థం అడిగితే మాత్రం తెల్లమొహం.

ఇప్పుడు టూరిజం డిగ్రీలో చేరింది. ఏనాటికైనా ముంబై ఎయిర్‌పోర్టు కౌంటర్లో కూర్చోవాలని ఆశ. అక్కడ ఫ్రెంచి తప్పనిసరి. ఆ భాష మొహం చూడనివాళ్ళకు మొదటి లెవెల్. రెండేళ్ళు చదివినవాళ్ళకు రెండో లెవెల్, అందులో మొదటి గంట నుంచీ మాటలన్నీ ఫ్రెంచిలోనే. సోమవారం రెండో లెవెల్లో కూర్చుని చూసింది. నలభై నిమిషాల్లో హాజరు పిలిచినప్పుడు తన పేరొక్కటే అర్థమైంది. మంగళవారం వెళ్ళి మొదటి లెవెల్ కాగితం తీసుకుంది. ‘నేను ఇంతకు ముందు ఫ్రెంచి చదవలేదు. ఇది అబద్ధమని తేలితే నా అడ్మిషన్ రద్దు చేయవచ్చు’ అని ఉంది దాని మీద. దాని కిందే ఆ సంతకం.

చూడండి మరి ఆ పిల్ల అవస్థ! ఆమెకు తగిన క్లాసు మొదటిదే. అందులో కూర్చోవాలంటే ఒక్క అబద్ధం రాయాలి. రెండోదాంట్లో కూర్చుంటే రాయనక్కర్లేదు గానీ రోజూ ఆడాలి. మార్కుల కాగితం ఎక్కడో ఆఫీసు బీరువాలో ఉంటుంది, ఫ్రెంచి మేడం దాకా ఎందుకొస్తుందిలే అనుకుంది. గురువారం సాయంత్రం ఫోను మోగింది. ‘రేపు పదకొండింటికి రా. ఇంటి పెద్దను తీసుకుని రా.’

అట్లా వచ్చింది ఈ శుక్రవారం.

శుక్రవారం భీవండిలో మగ్గాలకు సుట్టీ, సెలవన్నమాట. ఆ ఒక్కరోజు ఊరు నోరు మూసుకుంటుంది. పుట్టినప్పటి నుంచీ టకటకల్లోనే పెరిగిన నమ్రతకు ఆ నిశ్శబ్దం ఎప్పుడూ గిట్టదు. ఈరోజైతే మరీ. తన గుండె కొట్టుకోవడం పక్కవాళ్ళకు వినిపిస్తుందేమోనని చున్నీ దగ్గరికి లాక్కుంది.

“గట్లెందుకున్నవ్ బిడ్డా? జ్వరమొచ్చిందా?” అన్నాడు అంకుశం, కాలేజీ వరండాలో నడుస్తూ. సమాజం హాలుకు వేసుకున్న తెల్ల చొక్కానే వేసుకున్నాడు. మగ్గాల మోతకు ఎప్పుడో చెవులు దెబ్బతిన్న మనిషి, మామూలు మాట కూడా అరిచినట్టే మాట్లాడతాడు. వరండాలో ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు.

“ఏం లేదు బాపూ. నువ్వు ధీరే మాట్లాడు.”

“ఎందుకు పిలిచిండ్రంటవ్? ఫ్రెంచిల ఫస్ట్ వచ్చినోల్లకు ఏమన్న ఇస్తరేమో. మీ అవ్వ గట్లనే అన్నది.”

“అవ్వకేం తెల్సు బాపూ,” అంది నమ్రత. తల్లి మాట కొట్టిపారేసి, అడుగు వేగం పెంచింది.

స్టాఫ్ రూముకు వరండా వైపు గోడ లేదు, నిలువెత్తు అద్దం ఉంది. లోపల మాట్లాడితే బయటికి ఒక్క ముక్క వినపడదు. మీకూ నాకూ అయితే అంతటితో సరి. కానీ మగ్గాల ఇంట్లో పుట్టినవాళ్ళ లెక్క వేరు. కార్ఖానాలో ఎంత అరిచినా పక్క మనిషికి వినపడదు గనక వాళ్ళు పెదవులు చదువుతారు. తల్లి స్వర్ణ కండెలు చుడుతూ పది మగ్గాల అవతలున్న పెనిమిటితో కూర సంగతి మాట్లాడుకోవడం నమ్రత పసితనం నుంచీ చూసింది. చూసి తనూ నేర్చింది. ఇక అంకుశమా? పెదవులు చదవడంలో ఆయన్ని మించినవాడు టెంఘర్‌లో లేడు. చెవులు పోయిన కొద్దీ కళ్ళు పదునెక్కాయి.

అందుకే అద్దం చూడగానే నమ్రత అడుగు ఆపేసింది. అద్దం అవతల బల్ల దగ్గర ప్రాజక్త మేడం కూర్చుని ఉంది. ఫ్రెంచి డిపార్టుమెంటు పెద్ద. ఆమె చేతిలో ఉన్నది తన కాగితమే, కింద ఆరకముందే చెయ్యి తగిలి అలుక్కున్న సిరా మరకతో సహా.

బాపు గనక అటు మొహం పెట్టి కూర్చున్నాడో, అయిపోయింది.

“బాపూ, గీడ కూసో,” అని అద్దానికి వీపు పెట్టే బెంచీ మీద తండ్రిని లాగి కూర్చోబెట్టింది. ఆయన ఎదురుగా తను నిలబడింది. కిటికీలోంచి ఎండ నేరుగా ఆయన మొహం మీద పడుతోంది. పాపం, చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. దేవుడా, పిలిచే దాకా ఈయన ఇట్లనే కూసుంటే చాలు అని మొక్కుకుంది నమ్రత.

దేవుడు ఆ పూట ఆఫీసు క్లర్కు రూపేష్ రూపంలో వచ్చాడు. ఆయనా టెంఘర్ వాడే.

“అరె, అంకుశం మామా! ఏంది గా ఎండల కూసున్నవ్? ఇటు రా, గీ బెంచీ మీద ఫ్యాన్ గాలొస్తది. రా మామా!” అని రెక్క పట్టి లేపి, అద్దానికి ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చోబెట్టి మరీ పోయాడు. మంచితనం ఒక్కోసారి కొంప ముంచుతుంది సుమా.

నమ్రత తండ్రికి అడ్డంగా నిలబడబోయింది. “జెరగు బిడ్డా, గాలి రానీ,” అన్నాడు ఆయన. జరగక తప్పలేదు.

అప్పుడే లోపల ప్రాజక్త మేడం తలెత్తి, బల్ల పక్కన నిలబడ్డ ఇంకో టీచరుతో మాట్లాడటం మొదలుపెట్టింది. మరాఠీ. పెదవులు విడివిడిగా, శుభ్రంగా కదులుతున్నాయి. నమ్రత చూడకూడదనుకుంది. కళ్ళు మాట వినలేదు.

‘ఇదిగో, టెంఘర్ పిల్ల. తొంభై మూడు... ఎన్నడూ చదవలేదని సంతకం పెట్టింది...’ అవతలి టీచరు ఏదో అడిగింది. ‘రద్దు చేయవచ్చు... నలుగురయ్యారు దీంతో... ఆయన్ని కూడా రమ్మన్నాను. పన్నెండింటికి వస్తానన్నాడు.’

ఎవరు వస్తానన్నాడో నమ్రతకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే స్థితిలో లేదు. మెడ తిప్పి తండ్రి వైపు చూడాలంటే భయమేసింది. చివరికి ఓరగా చూసింది. అంకుశం కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. ఎప్పటి నుంచి తుడుచుకుంటున్నాడు? మేడం మాట్లాడకముందు నుంచా, మాట్లాడిన తర్వాతా? కళ్ళజోడు లేకపోతే ఆయనకు అంత దూరం కనపడదు. ఆ ఒక్క సంగతి మీదే ఆ పిల్ల ప్రాణం వేలాడింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. కూతురి వైపు తిరిగాడు.

“నీళ్ళు తాగుతవా బిడ్డా?”

అంతే. మొహంలో ఏమీ లేదు. తిట్టినా బాగుండేది. నమ్రత తల అడ్డంగా ఊపింది.

తలుపు తెరుచుకుంది. “నమ్రత కోన్?” అని పిలుపు.

ప్రాజక్త మేడం గొంతు చాలా మెత్తన. కసిరేవాళ్ళకు భయపడటం నమ్రతకు అలవాటే, మెత్తగా మాట్లాడేవాళ్ళతో ఎట్లా వేగాలో తెలియదు. మేడం ఇద్దరినీ కూర్చోమంది. అద్దానికి వీపు పెట్టి అంకుశం కూర్చున్నాడు, మేడానికి పక్కగా ఉన్న కుర్చీలో, వరండా కనపడేటట్టు, నమ్రత కూర్చుంది. బల్ల మీద పక్కపక్కనే రెండు కాగితాలు. ఒకటి మార్కులది. ఒకటి సంతకానిది.

“మీ అమ్మాయి ఏ లెవెల్లో కూర్చోవాలంటారు?” అని మేడం మరాఠీలో అంకుశాన్నే అడిగింది.

ఆయన ఆమె పెదవుల మీంచి చూపు తిప్పలేదు. “సెకండ్ లెవెల్, మేడం! నైంటీ త్రీ హై లడ్కీ కో!” అన్నాడు గది దద్దరిల్లేటట్టు.

నమ్రతకు గుండె మీది బరువు దిగింది. అయితే అద్దంలోంచి మేడం పెదవులు చదవలేదన్నమాట! ఆ ఊరట అరక్షణం నిలిచిందో లేదో, మేడం తన వైపు తిరిగి ఫ్రెంచిలో ఏదో అడిగింది. చిన్న ప్రశ్నే. చివర గొంతు కాస్త పైకి లేచింది గనక ప్రశ్న అని తెలిసింది. అంతకు మించి ఒక్క ముక్క తెలియలేదు.

గదిలో చప్పుడు లేదు. ఊళ్ళో చప్పుడు లేదు. మేడం ఎదురుచూస్తోంది. బాపు ఎదురుచూస్తున్నాడు. ఆ భయంలో నమ్రత నోరు దానంతటదే తెరుచుకుంది. పదకొండో జవాబు బయటికొచ్చింది. ఎందుకు పదకొండో జవాబే వచ్చిందంటే దానికి కారణం లేదు. మొత్తం ఇరవై రెండిట్లో అది బాగా నోటికి పట్టింది, అంతే. మగ్గాల మోతలో బట్టీ పట్టినది గనక మోతలో అరిచినట్టే వచ్చింది, ఊపిరి తీసుకునే చోట్లు కూడా తప్పకుండా.

రెండో వాక్యం దగ్గర తండ్రి చెయ్యి కనిపించింది. బల్ల అంచున చూపుడువేలూ నడిమివేలూ జోడించి, టక్కున విడదీశాడు. కార్ఖానాలో ఆ సైగ తెలియనివాళ్ళు లేరు. దారం తెగింది, మగ్గం ఆపు. తెగిన దారంతో మగ్గం నడిస్తే గుడ్డంతా పాడవుతుంది. ఆయన మళ్ళీ చూపించాడు. ఆపు బిడ్డా.

నమ్రత చూసింది. చూసి కూడా ఆపలేకపోయింది. ఆపితే మళ్ళీ ఆ నిశ్శబ్దం వస్తుంది. జవాబు చివరి దాకా చెప్పి, చివర చుక్క పెట్టే చోట తల కూడా వంచింది.

మేడం పెన్ను కింద పెట్టింది. నవ్వలేదు. మరాఠీలోనే అంది: “నేనడిగింది, ఈ కాగితం మీద సంతకం ఎందుకు పెట్టావు అని. నువ్వు చెప్పింది, వేసవి సెలవుల్లో నానమ్మతో సముద్రానికి వెళ్ళాం, నానమ్మ తెల్లకుక్క ఇసుకలో పరిగెత్తింది, అందరం ఐస్‌క్రీం తిన్నాం అని.”

నమ్రత చెవులు వేడెక్కాయి. టెంఘర్ గదిలో మోకాళ్ళ నొప్పులతో మూలుగుతున్న నానమ్మ లక్ష్మవ్వ కళ్ళ ముందు మెదిలింది. పక్కనే ముంబై ఉన్నా లక్ష్మవ్వ ఈనాటి వరకూ సముద్రం చూడలేదు. తెల్లకుక్కేమిటి నా మొహం!

“బిడ్డా,” అన్నాడు అంకుశం. ఈసారి అరవలేదు. ఆయన అంత మెల్లగా మాట్లాడగలడని నమ్రతకు అప్పటిదాకా తెలియదు. “ఆపుమన్న గదా. ఎందుకాపలే?”

“బాపూ...”

“అద్దంలకెల్లి మేడం మాట్లాడింది నేన్ సదివిన. నువ్వు సదవకముందే సదివిన. నిన్నెట్ల అడగాల్నో తెల్వక కండ్లద్దాలు తుడుసుకుంట కూసున్న.”

“మరి సెకండ్ లెవెల్ అని ఎందుకన్నవ్?”

“పరాయోల్ల ముంగట నా బిడ్డ అబద్ధం సంతకం పెట్టిందని నా నోటితో ఎట్లనాలె? ఒకవేళ నీకు నిజంగ వస్తదేమో, మొదటి క్లాసు అల్కగుంటదని రాసినవేమో అనుకున్న. నువ్వు మాట్లాడుతుంటె నీ పెదవులు జూసిన. ముప్పై ఏండ్లు మంది పెదవులే జూసిన నేను. మనసుల మాట జెప్పేటోని పెదవి తడబడ్తది, ఆగుతది. నీది ఒక్కచోట ఆగలే. మెషీన్ లెక్క ఆడింది.” ఆయన కూతురి వైపు వంగాడు. “ఇప్పుడు జెప్పు. నీకు ఫ్రెంచి వస్తదా, రాదా?”

నమ్రత చెప్పాలనుకుంది. నోరు తెరిచింది. ఒట్టి పెదవులే కదిలాయి.

మేడం ముందుకు వంగింది. “ఏమంది?”

వినపడేందుకు అక్కడ మాట లేదు. ఆ గదిలో ఆ పిల్లను విన్నది ఒక్క అంకుశమే.

“రాదంటుంది మేడం,” అన్నాడు ఆయన, హిందీలో. “ఒక్క ముక్క రాదంట. మొదటి క్లాసుల కూసుంటదంట. ఫ్లెక్సీ నేనే పీకేస్త అని దానికి జెప్పుండ్రి, నేన్ జెప్తె ఏడుస్తది.” ఆ మాట చెబుతూ ఆయనే ఏడ్చాడు. తెల్ల చొక్కా చేతితో కళ్ళు ఒత్తుకున్నాడు.

మేడం సంతకం కాగితాన్ని రెండుగా మడిచి సొరుగులో పెట్టింది. చింపలేదు, గమనించండి. మడిచింది, అంతే.

“మొదటి లెవెల్లో సీటు ఉంది, ఇస్తాను,” అంది. “రాని పిల్లను రెండో దాంట్లో కూర్చోబెట్టి నేను మాత్రం ఏం చేస్తాను? కానీ సంగతి ఇక్కడితో అయిపోలేదు. నిన్న ఇంకో ముగ్గురు వచ్చారు. మీ పరీక్ష సెంటరు పిల్లలే. ముగ్గురూ నాకు అదే నానమ్మ గురించి చెప్పారు. అదే తెల్లకుక్క, అదే ఐస్‌క్రీం. ఒక్క మాట తేడా లేదు. ప్రిన్సిపాల్ గారు ఇది పరీక్ష హాల్లో జరిగిన కాపీ అంటున్నారు. పేపరే ముందుగా బయటికొచ్చిందేమో అని కూడా అనుమానం. ఆయన సాయంత్రం బోర్డుకు రాస్తే, పోయేది ఒక్క ఫ్రెంచి కాదు. నలుగురి పన్నెండో తరగతీ పోతుంది.”

అంకుశం మేడం పెదవుల మీద నుంచి కళ్ళు తీయకుండా, మాట మాటా చదువుకున్నాడు. ఆయన మొహం పాలిపోయింది.

“కాపీ కొట్టలేదు మేడం,” అంది నమ్రత. గొంతు వచ్చింది గానీ తనది కానట్టుంది. “బట్టీ పట్టినం. ఒట్టు.”

“నేను నమ్ముతున్నాను. కాపీ కొట్టిన పిల్ల ఊపిరి తీసుకునే చోటు దాకా గుర్తు పెట్టుకోదు. కానీ నా నమ్మకం ఒక్కటే చాలదు. ఆ జవాబులు ఎవరిచ్చారో, పరీక్షకు ఎన్నాళ్ళ ముందిచ్చారో, నీ చేత్తో రాసి సంతకం పెట్టు. అది చూపించి ప్రిన్సిపాల్ గారిని ఆపుతాను. ఆ ముగ్గురూ రాయలేదు. పేరు నాకు తెలిసిందే అయినా, కాగితం మీద పెట్టడానికి భయపడ్డారు.” తెల్లకాగితం ముందుకు జరిపింది. దాని మీద ఒక పెన్ను పెట్టింది. మంగళవారం నమ్రత మరిచిపోయిన పెన్నే. “ఈసారి నిజం రాయి.”

దానియేలు సార్. చర్చి వెనక గదిలో, చాప మీద, మగ్గాల పిల్లలు తొమ్మండుగురిని కూర్చోబెట్టుకుని చెప్పిన మనిషి. పదేళ్ళు తానూ మగ్గం మీద నిలబడి, రాత్రి బడిలో చదువుకుని పైకొచ్చినవాడు. ఫలితాల నాడు నమ్రత తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. ఆయన భార్య మేరి కేకు కోసి పంచింది. ఆ పేరు ఈ కాగితం మీద రాస్తే ఆయన ఏమవుతాడు? రాయకపోతే తామేమవుతారు?

“రాయి బిడ్డా,” అన్నాడు అంకుశం. “ఉన్నదున్నట్టు రాయి. సారు మంచోడు, ఆయనే సమజ్ జేసుకుంటడు.”

నమ్రత పెన్ను పట్టుకుంది. తారీఖు వేసింది. ‘నేను, నమ్రత’ అని మొదలుపెట్టి, తరవాతి మాట కోసం తలెత్తింది.

అద్దం అవతల వరండాలో ఎవరో నిలబడి ఉన్నారు.

దానియేలు సారే. గోడ గడియారంలో పన్నెండు కొడుతోంది. వస్తానన్నది ఈయనన్నమాట. చెమటతో చొక్కా ఒంటికంటుకుపోయి, నీలం అట్ట నోట్సు రెండు చేతులా గుండెకు హత్తుకుని, లోపలికే చూస్తున్నాడు. కొత్త కాగితం చూశాడు. పెన్ను చూశాడు. నమ్రత కళ్ళలోకి చూశాడు. పదేళ్ళు మగ్గం మీద నిలబడిన మనిషి, ఎవరితో ఎట్లా మాట్లాడాలో ఆయనకు తెలుసు. గొంతు ఎత్తలేదు. పెదవులు మాత్రం, పక్కన మగ్గం ఆడుతున్నట్టు, ఒక్కో మాటా విడగొట్టి కదిపాడు.

‘రాయకు బిడ్డా. గీ జవాబులు నావి గావు. నాకిచ్చినోడు గీ కాలేజీలనే ఉన్నడు.’

నమ్రత వేళ్ళ మధ్య పెన్ను చల్లబడిపోయింది. మేడం తల వంచి ఏదో రాసుకుంటోంది. ఆమెకు కనపడలేదు. అద్దానికి వీపు పెట్టిన బాపుకు కనపడలేదు. చూసింది తనొక్కతే.

“ఏం జూస్తున్నవ్ బిడ్డా?” అంటూ అంకుశం వెనక్కి తిరగబోయాడు.

నమ్రత చటుక్కున తండ్రి చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఏం లేదు బాపూ,” అంది.

ఈసారి పెదవి ఎక్కడా తడబడలేదు, ఆగలేదు. అంకుశం తిరగడం మానేసి, కూతురి పెదవుల వైపే చూస్తూ ఉండిపోయాడు.